సహరీకి కట్టిన గోలీ

కథ చెప్పడానికి నోరుంటే చాలదు, ఎదురుగా ఊఁ కొట్టే మనిషి కూడా ఉండాలి. ఇది నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. మా ఊరి బళ్ళో నేను చదివింది ఎనిమిది దాకానే. అందులోనూ రెండేళ్ళు మాష్టారి గేదె వెనకాలే చదివాను. ఊఁ సంగతి మా నాయనమ్మ చెప్పింది. "వినేవాడు ఊఁ కొడితేనే కథ నడవాలిరా. వాడు మానేస్తే అక్కడే ఆపెయ్యి. మొండికేసి చెప్పావా, గోడ ఊఁ కొడుతుంది. గోడ ఊఁ కొట్టిన కథ చెప్పినవాణ్ణి వదలదు," అనేది. డెబ్బై మూడేళ్ళు వచ్చినా ఆ మాట నవ్వుతూనే చెప్పేవాణ్ణి, మొన్నటి ఎండాకాలం దాకా.

ముప్ఫై ఏళ్ళుగా నాకు ఊఁ కొట్టింది మహమ్మద్. అమీర్‌పేటలో మేము మెస్సు పెట్టిన కొత్తలో బోర్డు రాయడానికి వచ్చాడు. అప్పట్లో ఆ సందుల్లోని కంప్యూటర్ కోర్సుల బోర్డులు సగానికి సగం అతని చేతివే. "జావా అంటే ఏందో నాకెర్క లేదు ప్రసాద్ భాయ్. దాంట్ల దీర్ఘాలు రెండున్నయ్, గంతే తెలుసు," అనేవాడు. బోర్డు రాశాడు, భోంచేశాడు, చారు బాగుందన్నాడు, తన ఇంటి పై పోర్షన్ ఖాళీగా ఉందన్నాడు. నన్నూ నా భార్య కుసుమకుమారినీ ఆ వారమే అద్దెకు తెచ్చుకున్నాడు. తరవాత ఫ్లెక్సీలు వచ్చి అతని కుంచె ఎండిపోయింది. కరోనా వచ్చి మా మెస్సు మూతపడింది. ఇద్దరికీ మిగిలినవి సాయంత్రాలు, మెట్లు, నా కథలు.

కుసుమ నా కథలకు ఏనాడూ ఊఁ కొట్టలేదు. "అబద్ధానికి ఊఁ కొడితే సగం పాపం నాకొస్తుందండీ," అంటుంది.

కిందటి దీపావళి తరవాత నాకు గుండె దడ పట్టుకుంది. మెట్లెక్కితే గుండెలో పిచ్చుక దూరి రెక్కలు కొట్టుకున్నట్టుండేది. పంజాగుట్టలో గుండె డాక్టరమ్మ దగ్గరకు మహమ్మద్ తోడొచ్చాడు. ఆవిడ నా మణికట్టు పట్టుకుని చాలాసేపు చూసింది.

"మీ నాడి వరసలో లేదండీ," అంది.

"గీ మనిషి మాటనే వరసల ఉండదు డాక్టరమ్మా, నాడి యాడికెల్లి ఉంటది?" అన్నాడు మహమ్మద్.

నాకు ఒళ్ళు మండింది. "ఈయన చెయ్యి కూడా పట్టుకోండమ్మా. వినడం తప్ప వేరే జబ్బు ఉందేమో చూడండి," అన్నాను.

ఆవిడ నవ్వుతూ అతని చెయ్యి పట్టుకుంది. నవ్వు ఆగిపోయింది గానీ చెయ్యి వదల్లేదు. ఆ పూట ఇద్దరికీ ఈసీజీ తీశారు. ఇద్దరిదీ ఒకటే జబ్బు.

అర్థమయ్యేట్టు చెప్పింది. గుండె తాళం తప్పి కొట్టుకుంటే పైగదుల్లో రక్తం కదలక నిలవ ఉంటుందట. నిలవ ఉన్న రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ జారి మెదడుకు పోతే పక్షవాతం. అందుకని రక్తం పలచగా ఉంచే మాత్ర, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, పన్నెండేసి గంటల తేడాతో. "ఒక్క పూట మానేస్తే సగం కాపలా ఉంటుందనుకోకండి. దొంగ కాపలా లేని పూటే వస్తాడు," అంది. ఆవిడకూ కథలు వచ్చునని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ సాయంత్రం మెట్ల మీద నేను మా ముత్తాత రక్తం సంగతి ఎత్తుకున్నాను.

"మా ముత్తాత రక్తం ఎంత చిక్కనో తెలుసా? పొలంలో దమ్ము చేస్తుంటే జలగ పట్టింది."

"ఊఁ."

"ఒక్క గుక్క తాగింది. రెండో గుక్క గొంతులో అడ్డం పడింది."

"ఊఁ."

"జలగకు పొలమారింది. ఆయన జాలిపడి దాని వీపు మీద చరిచి, ఇన్ని మంచినీళ్ళు పట్టి, కాలవలో వదిలేశాడు. ఆ రక్తం నాది. ఈ గోలీ ఏ పాటి పలచన చేస్తుంది చెప్పు?"

మహమ్మద్ కళ్ళనీళ్ళు వచ్చేట్టు నవ్వాడు. నవ్వినంత నవ్వి, "కథ మంచిగున్నది భాయ్. గోలీ మాత్రం ఏసుకో," అన్నాడు.

ఇద్దరం వేసుకున్నాం. మోచెయ్యి తలుపుకు తగిలితే నీలిమచ్చ తేలేది. గడ్డం గీస్తుంటే చిన్న గాటు పడితే అరగంటసేపు దూది అదుముకుని కూర్చోవాలి. ఎవరి మచ్చ పెద్దదో కొలుచుకునేవాళ్ళం. మాది పలచ రక్తం సంఘమనీ, అధ్యక్షుణ్ణి నేనేననీ అనేవాణ్ణి.

మార్చిలో రంజాన్ వచ్చింది. మహమ్మద్ భార్య అన్వరీకి గుబులు పట్టుకుంది. "రోజా ఉంటే గోలీ ఎట్ల భాయ్‌సాబ్? పగటిపూట నీళ్ళు సుత ముట్టడు కదా," అని నన్నడిగింది. ఇరవై అయిదేళ్ళు మెస్సు నడిపిన వాణ్ణి, నాకు తెలియంది ఏముంది?

"అన్నానికి కట్టిన పని ఎవడూ మరచిపోడమ్మా. తెల్లారకముందు సహరీకి తింటారు, దానికొకటి కట్టు. పొద్దు కుంకాక ఇఫ్తార్‌కి ఇంకొకటి కట్టు," అన్నాను. ఫోన్ చేసి అడిగితే డాక్టరమ్మ కూడా సరేనంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అంతటితో ఊరుకోలేదు. "నీకు రోజా, నాకు తోడు. నేనూ ఈ నెలంతా సహరీకే వేసుకుంటా. నువ్వు వేసుకోగానే నన్ను లేపు," అన్నాను.

మా ఇంటి నీళ్ళ పైపు ఇనపది. కింద వాళ్ళ వంటింటి గోడ మీదుగా మా పడకగది గోడ పక్కన పైకి పోయి ట్యాంకులో కలుస్తుంది. రోజూ అయిదు కావస్తుండగా మహమ్మద్ చెంచాతో ఆ పైపు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. ఠంగ్, ఠంగ్. బోర్డులు రాసిన చెయ్యి కదా, రెండు దెబ్బలూ ఒకే కొలతలో పడేవి. నేను లేచి మాత్ర వేసుకుని, నా చెంచాతో రెండు కొట్టేవాణ్ణి. కుసుమ దుప్పటి మొహం మీదికి లాక్కుని, "ముసలాళ్ళకు ఆటలు," అనేది. ముప్ఫై రోజుల్లో ఒక్కనాడూ తప్పలేదు.

నెలాఖరున పండుగ. అన్వరీ పంపిన షీర్ ఖుర్మా తిన్నాం. మర్నాడు తెల్లవారుజామున అలవాటుగా అయిదింటికి మెలకువ వచ్చింది. పైపు మోగలేదు. ఓహో, రంజాన్ అయిపోయిందిగా అనుకుని అటు తిరిగి పడుకున్నాను. నా మాత్రకు ఎనిమిదింటి ఇడ్లీలు ఉన్నాయి. మహమ్మద్ పొద్దున ఏమీ తినడు. హోటల్‌లో చాయ్ తాగుతాడు, అన్నం ఒంటిగంటకే. ఈ సంగతి ముప్ఫై ఏళ్ళుగా తెలుసు నాకు. ఆ పొద్దున తట్టలేదు.

పండుగ వెళ్ళి రెండు వారాలై ఉంటుంది. ఎండలు ముదిరాయి. పొద్దున్నే మెట్ల మీద నీడ ఉండగానే కూర్చున్నాం. మా ఊళ్ళో ఒక ఏడాది కాసిన ఎండ గురించి నేను చెబుతున్నాను.

"చెరువులో నీళ్ళు సలసలా కాగాయి."

"ఊఁ."

"చేపలన్నీ ఉడికి తేలాయి. ఊరంతా ఉప్పూ కారం పట్టుకుని గట్టున కూర్చుంది. కరణం గారు మాత్రం..."

"ప్రసాద్ భాయ్, యాదికొచ్చింది. పొద్దటి గోలీ రంజాన్‌తోనే పాయె. సహరీ లేదు కదా, జర ఎప్పుడేసుకోవాల్నో..."

"అబ్బ! మధ్యలో మాటలొద్దన్నానా? కథ దారి తప్పుతుంది. ఊఁ కొట్టు."

అతను నోటి మీద వేలు పెట్టుకుని నవ్వాడు. "ఊఁ," అన్నాడు.

కరణం గారు ఉడికిన వాలుగ చేపను బతికించమని కోర్టుకెక్కడం దాకా చెప్పాను. బాగా పండింది. మహమ్మద్ పొట్ట పట్టుకుని నవ్వాడు. తరవాత అతను చాయ్‌కి పోయాడు, నేను ఇడ్లీలకు పోయాను.

ఆ వారంలోనే కుసుమకు ఒక ఆలోచన వచ్చింది. హాస్టళ్ళ పిల్లల కోసం ఇంటి ముందు కర్రీ పాయింట్ పెడతానంది. సాయంత్రం పూట రెండు కూరలు, ఒక పప్పు. ఫ్లెక్సీ కొట్టిద్దామని నేను అంటే మహమ్మద్ లేచి నిలబడ్డాడు. "నేనున్నంక ఫ్లెక్సీనా? అక్కా, నీ పాత బోర్డ్ దించు," అన్నాడు. అటక మీది నుంచి 'కుసుమ ఆంధ్రా మెస్' బోర్డు దించి, గోడకు మేకులు కొట్టి ఆనించాం. పాత అక్షరాల్లో 'కుసుమ' ఒక్కటి ఉంచి తక్కింది చెరిపాడు. ఎండిపోయిన కుంచెలు కిరసనాయిల్లో నానబెట్టాడు. ముప్ఫై ఏళ్ళ కిందటి మనిషి అయిపోయాడు.

శనివారం పొద్దున తొమ్మిది గంటలకు స్టూలు మీద కూర్చుని ఆకుపచ్చ రంగుతో 'కర్రీ' మొదలుపెట్టాడు. నేను వెనక కుర్చీలో ఉన్నాను. 'క' చుట్టు తిరిగింది. తలకట్టు దగ్గర ఆగాల్సిన కుంచె ఆగలేదు. గీత బోర్డు మీది నుంచి కిందికి జారి, అంచు దాటి, గోడ సున్నం మీదికి దిగింది.

"ఏమోయ్, నీ 'క'కు తోక మొలిచింది. కోతిని గీస్తున్నావా?" అన్నాను.

కుంచె కింద పడింది. నా పాదాల మీద పచ్చ రంగు చిందింది. మహమ్మద్ మెల్లగా నా వైపు తిరిగాడు. మొహంలో సగం నా మాటకు నవ్వింది. సగం నవ్వలేదు.

నేను పరుగెత్తి పట్టుకున్నాను. అన్వరీ వచ్చింది. ఆటో దొరికింది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర మెట్రో నీడలో ఆగిపోయినప్పుడు అతని కుడిచెయ్యి నా ఒళ్ళో ఉంది. బరువుగా, ఎవరిదో తెచ్చి పెట్టినట్టుగా ఉంది.

డాక్టరమ్మ గబగబా అడిగింది. "మాత్రలు వేసుకుంటున్నారా? ఆఖరుది ఎప్పుడు?"

"రాత్రి ఏసుకుండు, నేనే నీళ్ళిచ్చిన," అంది అన్వరీ. "రెండు పూటలు ఏసుకుంటడు డాక్టరమ్మా. రంజాన్‌ల సుత ఒక్కటి తప్పలే."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మీరిద్దరూ కలిసే వేసుకుంటారు కదండీ. అంతేనా?"

"ఊఁ," అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక ఇంకొకరి కథకు నేను ఊఁ కొట్టడం అదే మొదలు. రాత్రి మాత్ర ఒక్కటి ఒంట్లో ఉన్నా గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడం కుదరదట. నేను నిజం చెప్పినా ఆ రోజు జరిగేది మారదని తరవాత తెలిసింది. తెలిసినా ఆ ఊఁ వెనక్కి తీసుకోలేదు.

పన్నెండో రోజున ఇంటికి తెచ్చారు. కుడిచెయ్యి, కుడికాలు ఆడవు. మాటలన్నీ పోయాయి. తెలుగు పోయింది, ఉర్దూ పోయింది. ఒక్కటే మిగిలింది. అన్వరీ నీళ్ళు కావాలా అంటే "ఊఁ". మంచం జరపనా అంటే "ఊఁ". నొప్పిగా ఉందా అంటే "ఊఁ". అక్కర్లేకపోతే కళ్ళు మూసుకుంటాడు. నేను కొట్టమన్న ఊఁ ఒక్కటీ అతని దగ్గర ఉండిపోయింది.

కింద అతన్ని చూసి పైకి వచ్చాక మా గదిలో నాకు నిద్ర పట్టేది కాదు. పట్టినా అయిదింటికి పైపు మోగినట్టయ్యేది. లేచి చెయ్యి వేసి చూసేవాణ్ణి. చల్లటి ఇనుము, ఏ కదలికా లేదు. కింద గోడ మీద ఆ పచ్చ తోక అలాగే ఉంది. సున్నం కొట్టిస్తానని కుసుమ అంటే వద్దన్నాను.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చీటీ మీద తేదీ రాసిచ్చింది. సోమవారం నుంచి రక్తం పలచన చేసే మాత్ర మళ్ళీ మొదలుపెట్టాలి, మానితే ఇంకోసారి వస్తుంది అని చెప్పింది. సోమవారం వెళ్ళింది. మంగళవారం మధ్యాహ్నం కుసుమ కిందికి వెళ్ళి వచ్చి మంచం అంచున కూర్చుంది.

"అన్వరీ వదిన ఆ మాత్రలు ఇవ్వడం లేదండీ. బియ్యం డబ్బాలో పడేసింది. 'అయిదు నెలలు మింగిండు, ఒంటి నిండ మచ్చలొచ్చినయ్, వచ్చే జబ్బు వచ్చింది. అది గోలీ కాదు, ఝూట్' అంటోంది. ఆవిడన్నదీ నిజమేగా. ఒక్క పూట తప్పకుండా వేసుకున్న అన్నయ్యగారికే పని చెయ్యలేదు. మీరూ మానెయ్యండి. నాకు భయంగా ఉంది."

చెప్పి నా మాత్రల అట్ట తీసి కొంగున కట్టుకుంది.

నేను జలగకు పొలమారించిన వాణ్ణి. చేపను కోర్టుకెక్కించిన వాణ్ణి. నా అబద్ధాలు ఎవరి అన్నంలోనూ మట్టి కొట్టలేదని గర్వం ఉండేది. పంజాగుట్టలో కొట్టిన ఒక్క ఊఁ వచ్చి కింద వాళ్ళ బియ్యం డబ్బాలో కూర్చుంది. ఇంకో గడ్డ జారితే ఆ మిగిలిన ఊఁ కూడా పోతుంది.

సాయంత్రం కిందికి దిగాను. గోడ గడియారం అయిదుకు పది తక్కువ చూపిస్తోంది. వంటింటి గుమ్మం పక్కన, పైపు చేతికందేంత దగ్గరగా వేసిన మంచం మీద మహమ్మద్ దిండుకు ఆనుకుని ఉన్నాడు. అన్వరీ కింద చాప మీద వెల్లుల్లి వొలుస్తోంది. నన్ను చూసి, "కథ చెప్పు భాయ్‌సాబ్. నువ్వొస్తే జర నవ్వుతడు," అంది.

ఎలా మొదలుపెట్టాలో నాకు ఒక్క దారే తెలుసు.

"అనగనగా ఒక ఊళ్ళో ఇద్దరు ముసలాళ్ళు."

"ఊఁ," అన్నాడు మహమ్మద్. ఎడమ పెదవి లేచింది.

"ఒకడు చెప్పేవాడు, ఒకడు వినేవాడు. ఇద్దరి గుండెలూ తాళం తప్పాయి."

"ఊఁ."

"ఇద్దరికీ ఒకటే గోలీ. రంజాన్ వచ్చిందని చెప్పేవాడు దాన్ని సహరీకి కట్టాడు. ముప్ఫై రోజులు పైపు మోగింది."

"ఊఁ."

"పండుగైంది. సహరీ పోయింది. దానికి కట్టిన గోలీ కూడా దానితోనే పోయింది."

అన్వరీ చేతిలో వెల్లుల్లి ఆగింది. మహమ్మద్ నా మొహంలోకి చూశాడు. కొంచెం ఆలస్యంగా, "ఊఁ," అన్నాడు.

"ఒక పొద్దున వినేవాడు ఆ మాట చెప్పాడు. పొద్దటి గోలీ పాయె, ఎప్పుడేసుకోవాలి అని అడిగాడు. చెప్పేవాడు విన్నాడు. బాగానే విన్నాడు. చేపల కథ చెడుతుందని నోరు మూసుకుని ఊఁ కొట్టమన్నాడు."

ఊఁ రాలేదు.

నేను ఆగాను. ఫ్యాన్ తిరుగుతోంది. సందులోంచి హాస్టల్ పిల్లలు నవ్వుకుంటూ పోతున్నారు. మహమ్మద్ కళ్ళు మూసుకోలేదు. నా వైపే చూస్తున్నాడు. ఇంకా కథ ఉంది. డాక్టరమ్మ దగ్గర చెప్పేవాడు కొట్టిన ఊఁ ఉంది. కానీ ఎదుటివాడు ఊఁ మానేస్తే ఆపెయ్యమంది కదా నాయనమ్మ.

అన్వరీ లేచింది. వంటింట్లో డబ్బా మూత చప్పుడైంది. మాత్రల అట్ట తెచ్చింది. దానికి ఒక బియ్యపు గింజ అంటుకుని ఉంది. గింజ దులిపి, మాత్ర విడదీసి, అతని నాలుక మీద పెట్టింది. నీళ్ళు సగం గడ్డం మీదికి కారాయి. కొంగుతో తుడిచింది. నా వైపు చూడకుండానే అడిగింది.

"పొద్దటిది ఎన్నింటికి?"

"పన్నెండు గంటల తేడా ఉండాలమ్మా."

ఆవిడ గడియారం చూసింది. "అయితే అయిదింటికి," అంది. వెల్లుల్లి చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పైకి వచ్చి కుసుమకు చెప్పాను. కథలా కాదు, మామూలుగా. రాత్రి పడుకునే ముందు కొంగు ముడి విప్పి, మాత్రల అట్ట, గ్లాసుతో నీళ్ళు, ఒక చెంచా నా తలగడ పక్కన పెట్టి, అటు తిరిగి పడుకుంది.

తెల్లవారుజామున గోడ ఠంగ్ మంది.

ఈసారీ నా చెవుల భ్రమే అనుకున్నాను. చాలాసేపటికి, అంత గట్టిగా కాకుండా, ఇంకొకటి. ఠంగ్. కుసుమ లేచి కూర్చుంది. అవి రెండూ ఒకే కొలతలో పడలేదు. ఎడమచేతి దెబ్బలు. ఆ చేతికి చెంచా ఎవరు అందించారో నేను ఇప్పటికీ అడగలేదు. మాత్ర వేసుకుని, నా చెంచాతో రెండు కొట్టాను.

సాయంత్రాలు ఇప్పటికీ కిందికి వెళ్తాను. జలగ కథకు మహమ్మద్ ఊఁ కొడతాడు. చేపల కథ నేను ఎత్తను. ఇద్దరు ముసలాళ్ళ కథ రెండుసార్లు మళ్ళీ మొదలుపెట్టి చూశాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి అతను నన్నే చూస్తూ ఊరుకుంటాడు. అక్కడే ఆగిపోతాను. దానికి ఊఁ కొట్టేది గోడ ఒక్కటే, రోజూ తెల్లారి అయిదింటికి.